ఏడిళ్ల బియ్యం

సెప్టెంబర్ 20, శనివారం

తమిళ నెల పురట్టాసిలో మొదటి శనివారం. పొద్దున్నే పెరుమాళ్ కోవెలకు వెళ్ళి తులసిమాల ఇచ్చి వచ్చాం. మా అమ్మాయి జీవ కూడా నడిచి వచ్చింది. ఆగస్టులో డెంగీతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడుకున్న పిల్ల, ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు దిగిపోయిన పిల్ల, ఈరోజు ప్రదక్షిణం చేసి ఆకలేస్తోందని గొడవ పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా నగర్ కాలనీ ఫోన్ గ్రూపులో నేను ఈరోజు పెట్టిన వార్తలు: మూడో క్రాసులో కాలువ పూడికతీత సోమవారానికి మారింది. దోమల పొగబండి సాయంత్రం ఐదుకు వస్తుంది. బొమ్మల కొలువు పోటీకి పేర్లు మోనిక దగ్గర ఇవ్వాలి. ఆరువందల పన్నెండు మంది ఉన్న గ్రూపు. నేను పెట్టేదాకా ఎవరూ ఏదీ నమ్మరు. "చారు మేడం చెప్పారా?" అని అడుగుతారు. గర్వం కాదు, ఉన్న మాట రాస్తున్నాను.

ఈ నోటుపుస్తకం బల్ల మీద వదిలేసినా భయం లేదు. ఇంట్లో నలుగురం తెలుగు మాట్లాడతాం, అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. మా ఆయన శరత్‌కుమార్ తమిళంలో చదివాడు, జీవ ఇంగ్లీషులో చదివింది, మా అత్తగారు తాయమ్మాళ్ బడి మొహమే చూడలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

నాలుగు ఇళ్ళ కొలువులు చూసి వచ్చాం. నాలుగు రకాల సుండల్ గుగ్గిళ్ళు, కడుపు ఉబ్బరం. మోనిక ఇంట్లో తొమ్మిది మెట్లు, మెట్టుమెట్టుకీ దీపాలు. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్ల, బెంగళూరులో పెరిగింది, అయినా ఎంత శ్రద్ధ. అడుగు మెట్టు ముందర వెండి కుంకుమ భరిణె, వాళ్ళ అవ్వదట.

ఎవరో అడిగారు, మీ పుట్టిల్లు ఎక్కడని. చిన్నమనూరు, మాకు ద్రాక్షతోటలు అన్నాను. ఈ నగర్‌కు వచ్చిన పదకొండేళ్ళుగా అదే చెబుతున్నాను. ద్రాక్షతోటలు నిజమే. మావి కావు. మా నాన్న, మేనత్త వాటిలో కూలికి గుత్తులు కోశారు.

సెప్టెంబర్ 27, శనివారం

రెండో శనివారం. పొద్దున గ్రూపులో పెద్ద గొడవ. మోనిక వాళ్ళ వెండి భరిణె కనపడలేదు. అదే సమయంలో గోవిందా అంటూ ఇల్లిల్లూ బియ్యం ఎత్తుతున్న ముసలామె ఎవరో వాళ్ళ వాకిట్లో నిలబడి ఉండటం కెమెరాలో పడింది. మొహం సరిగ్గా కనపడదు.

నేను వార్త పెట్టాను. పెట్టక తప్పలేదు, అందరూ అడుగుతున్నారు. "నగర్ వాసులకు హెచ్చరిక. గోవిందా పేరుతో చెంబు పట్టుకుని తిరుగుతున్న అపరిచిత మహిళకు తలుపులు తీయవద్దు. ఆమెను మెయిన్ గేటు దగ్గర ఆపి చూడవలసిందిగా వాచ్‌మన్‌ను కోరుతున్నాం."

రాసిన దాంట్లో ఒక్క తప్పు మాట లేదు. ఎవరు రాసినా అలాగే రాస్తారు.

జీవ మధ్యాహ్నం రెండు దోశలు ఎక్కువ తింది.

సెప్టెంబర్ 28, ఆదివారం

అపరిచిత కాదు.

నిన్న ఎనిమిదిన్నరకు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. మూడో క్రాసు మలుపులో మా మేనత్త కనపడింది. నుదుటి మీద నామం, పసుపు చీర, చేతిలో నామాలు దిద్దిన ఇత్తడి చెంబు. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది, తోటలో నిచ్చెన మీద నుంచి పడినప్పటి నుంచీ. ఆ నడక నేను వందమందిలో పోలుస్తాను. మా అమ్మ పోయాక, నా నాలుగో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా ఆ కాలు వెనకాలే నడిచాను కదా.

ఆమె తలెత్తి మా ఇంటి వైపు చూడలేదు. నేను దుప్పటి వెనక్కి తప్పుకున్నాను.

పిలవలేదు. ఎందుకు పిలవలేదంటే పక్కింటి బాల్కనీలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి కాఫీ తాగుతున్నారు. అంతే కారణం. ఇంకేదో పెద్ద కారణం ఉంటుందని నిన్నంతా వెతికాను. లేదు.

ఆ తర్వాత భరిణె గొడవ మొదలైంది. సంఘం అధ్యక్షుడు రత్నసభాపతి గ్రూపులో నన్నే అడిగాడు. "చారులత మేడం, ఇలా బియ్యం ఎత్తడం మీ తెలుగువాళ్ళ ఆచారం అంటారు కదా. ఈమె నిజంగా మొక్కుకున్నదేనా? మీకు తెలుస్తుంది, మీరు చెప్పండి." తెలుసు. మా వాళ్ళలో మొక్కుంటే ఎంత ఉన్నవాళ్ళైనా నామం పెట్టుకుని ఏడిళ్ళు తిరగాలి. ఆ బియ్యంతో తళిగ వండి పెరుమాళ్‌కు పెట్టాలి. తెలిసిన ఇల్లా తెలియని ఇల్లా అని చూడరు. గోవిందా అని వచ్చినవాళ్ళు బిచ్చగాళ్ళు కారు, ఆ పూటకు వాళ్ళు పెరుమాళ్ మనుషులు. ఇదంతా నాకు నేర్పింది ఆ చెంబు పట్టుకున్న మనిషే.

నేనేం రాశానంటే, "మా ఆచారంలో బంధువుల ఇళ్ళకే వెళతారు. ఇలా తెలియని వీధుల్లో తిరగరు. ఈమె మావాళ్ళ మనిషి కాదు."

ఆ తర్వాతే ఆ హెచ్చరిక. నిన్న డైరీలో ఈ ముక్క రాయలేదు.

మధ్యాహ్నం ఎవరో గేటు కెమెరా వీడియో కూడా పెట్టారు. వాచ్‌మన్ మాయాండి చెంబు తీసుకుని బియ్యం నేల మీద పోశాడు, లోపల భరిణె ఉందేమోనని. ఏమీ లేదు. మేనత్త ఆ బియ్యాన్ని తిరిగి ఎత్తలేదు. నేల పడ్డ మొక్కుబియ్యం ఎత్తకూడదు. ఖాళీ చెంబును సంచిలో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. వీడియో పదిహేను సెకన్లు. పద్దెనిమిది సార్లు చూశాను.

సెప్టెంబర్ 29, సోమవారం

భరిణె దొరికింది. మెట్ల మీద పరచిన గుడ్డ కింద జారి ఉందట. మోనిక గ్రూపులో పెట్టింది, "సారీ అందరికీ, దేవుడి దయ." వందకు పైగా దండాలు, నవ్వులు. ముసలామె మాట ఒక్కరూ ఎత్తలేదు. నేనూ "సంతోషం" అని పెట్టాను.

దొరికింది కదా. ఇక దీన్ని పెద్దది చేస్తే ఎవరికి లాభం? మేనత్తకు ఫోన్లో గ్రూపులు లేవు, చదవడం రాదు. ఆమెకు తెలియదు.

సెప్టెంబర్ 30, మంగళవారం

మేనత్తకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మంచిదే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధ పూజ. సూలూరులో మా మగ్గాల షెడ్డుకు వెళ్ళాం. ఇరవై నాలుగు మగ్గాలకూ పసుపు కుంకుమ, గుమ్మడికాయ, మరమరాలు. పనివాళ్ళకు కొత్త బట్టలు పంచాను. మేడం మేడం అని అందరూ చుట్టూ తిరిగారు. మామూలుగా అయితే నాకు ఈ రోజంటే భలే ఇష్టం.

తిరిగి వస్తుంటే కారులో అత్తగారు అడిగింది.

"చిన్నమనూరు నుంచి ఫోన్ ఏమన్నా వచ్చినాదా, అమ్మిణి?"

"లేదత్తా. ఎందుకు?"

"సుమ్మానే అడిగితి."

ఊరికే అడిగే మనిషి కాదు. నా పుట్టింటి వాళ్ళ ఊసు ఏడాదికొకసారి కూడా ఎత్తదు. ఇప్పుడు మూడు రోజుల్లో ఇది రెండోసారి. ఎవరో వీడియో చూపించి ఉంటారు. గుర్తుపట్టి ఉంటుంది. నా నోటితో చెప్పించాలని చూస్తోంది. చూడనీ.

అక్టోబర్ 3, శుక్రవారం

కొలువు పోటీ బహుమతులు ఇచ్చాం. మోనికకు రెండోది. నన్ను మాట్లాడమన్నారు. మన ఆచారాలను మనమే కాపాడుకోవాలని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో.

అక్టోబర్ 4, శనివారం

మూడో శనివారం. తిరుప్పూరు నుంచి కార్తి ఫోన్ చేశాడు. మేనత్త కొడుకు, బనియన్ల కంపెనీలో కటింగ్ మాస్టర్. నాకంటే ఆరేళ్ళు చిన్న, ఒకే ఇంట్లో పెరిగాం కాబట్టి వదినా అనకుండా అక్కా అంటాడు. ఎప్పుడు చేసినా నవ్వుతూ మొదలుపెట్టేవాడు, ఈరోజు నవ్వలేదు.

"అక్కా, జీవకి ఎట్ల ఉండాది?"

"బాగుందిరా. కాలేజీకి పోతోంది."

"నిజం చెప్పు. జ్వరం గిరం ఏమీ లేదు గదా?"

"లేదంటున్నాగా. ఏమైంది?"

తర్వాత చెప్పాడు. "అమ్మ నీకు చెప్పొద్దనింది. జీవ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నాది. పురట్టాసి శనివారం బిడ్డ ఉండే ఊళ్ళోనే ఏడిళ్ళు ఎత్తి తళిగ పెడతానని. ఎవరికోసరం మొక్కినామో వాళ్ళ అమ్మానాన్నకి ముందే చెప్పరాదు, వాళ్ళింటి బియ్యం చేరరాదు, అదంతా నీకు తెలుసు గదా. పోయిన శనివారం వచ్చింది అక్కా మీ నగర్‌కి. ఆరిళ్ళు అయినాయంట. గేటు కాడ ఎవరో ఆపి బియ్యం నేల మీద పోసేసినారు."

నేను "అయ్యో" అన్నాను. అదీ అన్నాను.

"ఆ దినం నుంచి అన్నం ముట్టలేదక్కా. రాగి గంజే. మొక్కుబియ్యం నేలపాలైతే బిడ్డకి ఏమన్నా అవుతాదని ఒకటే భయం. దినామూ నాకు ఫోన్ చేసి జీవ ఎట్ల ఉందో కనుక్కోమంటాది. నీకు నేరుగా చేస్తే ఏడుపొస్తాదంట."

ఫోన్ పెట్టేశాక స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను. నా బిడ్డ కోసం. నా బిడ్డ కోసం వచ్చింది, నేను గేటు దగ్గర ఆపించాను.

అక్టోబర్ 5, ఆదివారం

తెల్లవారుజామునే కారులో బయలుదేరాను. డ్రైవర్‌ను తీసుకెళ్ళాను, మా ఆయన షెడ్డులో పని ఉందన్నాడు. ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. చిన్నమనూరు చేరేసరికి పదకొండు. వరి పచ్చగా మోకాలెత్తు ఉంది. కాలువలో నీళ్ళు నిండుగా వెళుతున్నాయి.

మేనత్త వాకిట్లో కొబ్బరి మట్టలు చీలుస్తోంది. నన్ను చూసి లేవబోయి, నా వెనక కారు వైపు చూసింది. "జీవ రాలేదా? బాగుండాదా?" మొదటి మాట అదే. జీవకు వీడియో కాల్ చేసి చూపించాను. జీవ "హాయ్ అవ్వా" అని ఏదో తింటూ చెయ్యి ఊపింది. మేనత్త ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాతే మట్టల కత్తి పక్కన పెట్టి కూర్చుంది. బుగ్గలు లోపలికి పోయాయి.

"కార్తిగాడు చెప్పేసినాడా? చెప్పొద్దంటే వినడు."

"ఎందుకత్తా ఒక్కదానివే వచ్చావు? నాకు చెప్పకపోయినా..."

"చెప్పరాదు గదా కన్నూ. తళిగ అయినంక ప్రసాదం ఎత్తుకోని నేరా నీ ఇంటికే వద్దామనుకుంటి. ఆరిళ్ళు బాగా ఇచ్చినారు. ఒక పాప, చిన్న పిల్ల, మెట్ల మీద బొమ్మలు పెట్టి ఉన్నాది, పావం, చేటతో తెచ్చి పోసింది. నేను చాలుచాలంటే కూడా వినలేదు."

మోనిక. భరిణె పోయిందన్న ఇల్లు. వాకిట్లో నిలబడి బియ్యం తీసుకుంటున్న ఆ దృశ్యాన్నే మేమందరం దొంగతనం అనుకుని చూశాం.

"ఆ వాచ్‌మన్‌ను నేను..." అన్నాను.

"వాడేమి చేస్తాడు. వాణ్ణి ఎవరో ఆపమన్నారంట, ఫోన్ చూపించినాడు. మీ నగర్లో ఎవరో రాసినారు. వాళ్ళకేమి తెలుసు మన పద్ధతి, తమిళం వాళ్ళు, ఊరుగాని ఊరోళ్ళు. తెలిసినోళ్ళయితే రాస్తారా."

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. మేనత్త నా మొహం చూసి, నేను ఏడుస్తున్నది తన కోసమనుకుంది. కొంగుతో నా కళ్ళు తుడిచింది. "ఊరుకో కన్నూ. నువ్వు ఆ పొద్దు ఇంట్లో లేవేమో. ఉంటే ఊరికే ఉంటావా."

"లేనత్తా," అన్నాను. "బయటికి వెళ్ళాను."

ఇంకో అబద్ధం. అడగకుండానే ఆమె నాకు చేతికి అందించిన అబద్ధం, చక్కగా తీసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మేనత్త కారు దాకా వచ్చింది. "మళ్ళీ ఏడిళ్ళు ఎత్తాల. ఇంకొక్క శనివారమే ఉండాది. కానీ నాకు ఆ గేటు దాటే దమ్ము లేదు, చారూ. దొంగదాన్ని చూసినట్ల చూస్తారు." అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నేను కారెక్కాను.

అక్టోబర్ 7, మంగళవారం

గ్రూపులో పెట్టడానికి రాసినవి.

ఒకటి: "గత వారం ఒక అపార్థం వల్ల ఒక భక్తురాలికి అసౌకర్యం కలిగింది. సంఘం తరఫున చింతిస్తున్నాం." సంఘం ఏం చేసింది పాపం.

రెండు: "మనందరి తొందరపాటు వల్ల..." మనందరి.

మూడు: "నాకు అందిన తప్పు సమాచారం మేరకు..." నాకు ఎవరూ తప్పు సమాచారం ఇవ్వలేదు.

మూడూ చెరిపేశాను. దానికి బదులు డెంగీ శిబిరం వార్త పెట్టాను, గురువారం పదింటికి, సంఘం హాల్లో.

అక్టోబర్ 8, బుధవారం

ఈరోజు జరిగింది సరిగ్గా రాయాలి.

మధ్యాహ్నం అత్తగారు వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. నన్ను కూర్చోమంది.

"చిన్నమనూరు పోయొచ్చితివి గదా. మీ అత్త ఎందుకు తళిగ ప్రసాదం తేలేదు?"

"మీకెలా తెలుసు?"

"నాకు తెలియకుండా ఎట్ల? ఫోన్ చేసి నన్నే అడిగె. పెద్దదాన్ని గదా ఇంట్లో. వదినా, బిడ్డ మీద మొక్కుకుంటిని, మీ వీధుల్లో ఎత్తుకుంటా, మీకేమన్నా కొరతగా ఉంటుందా అని అడిగె. కొరత ఏమి కొరత, మా మనవరాలికి నువ్వు చేస్తా ఉంటే అంటిని. ఏ వీధి నుంచి మొదలు పెట్టాలో కూడా నేనే చెప్పితి. తల్లికి చెప్పరాదని నీ దగ్గర నోరు మూసుకోనుంటిని. ఆదివారం ప్రసాదం తెస్తాననె, రాలే. అందుకే నిన్ను అడిగినది, ఫోన్ వచ్చినాదా అని."

నేను పది రోజులుగా ఎవరిని చూసి భయపడుతున్నానో ఆ మనిషి ఇది. కొరత ఏమి కొరత అందట. ఆవిడకు లేని కొరత, ఆ చిన్నతనం, నాకెందుకు వచ్చింది? అత్తగారు తక్కువ చూస్తుంది, నగర్ ఆడవాళ్ళు తక్కువ చూస్తారు అని ఇన్నేళ్ళూ వాళ్ళ నెత్తిన పెట్టుకుంటూ వచ్చాను. తక్కువ చూసింది నేనే. బాల్కనీలో దుప్పటి వెనక నిలబడి తక్కువ చూసింది నేనే.

అంతా చెప్పేశాను. గేటు, బియ్యం, భరిణె.

"ఎవరు రాసినారు ఆ మాట?" అంది.

"నేనే అత్తా."

"తెలియక రాస్తివా?"

"తెలిసే రాశాను. బాల్కనీ నుంచి చూశాను."

ఆవిడ చిక్కుళ్ళు ఒలవడం ఆపలేదు. గిన్నె నిండింది. లేచి చేతులు కడుక్కుని, పూజగదిలోంచి తన చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

"శనివారం నువ్వు పో. తల్లి ఎత్తొచ్చు. ఒకటే చెప్పేది, చెంబు పట్టినంక ఎవరేమి అడిగినా అబద్ధం చెప్పరాదు."

అక్టోబర్ 9, గురువారం

ఆయనకు చెప్పాను. "ఆ ముసలామె మన పెళ్ళిలో నా కాళ్ళు కడిగింది చారు," అన్నాడు. అంతే. భోజనం చేయలేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

జ్వరం వస్తే బాగుండునని పొద్దున్నుంచి నుదురు పట్టుకుని చూసుకుంటున్నాను. రాలేదు.

అక్టోబర్ 11, శనివారం

ఆఖరి శనివారం. అత్తగారు నాకు నామం దిద్దింది. పసుపు చీర, చెప్పులు లేకుండా. జీవ గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, నేను కూడా రానా?" అంది. మొక్కున్నది నీ మీదే, నువ్వు రాకూడదన్నాను. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. దానికి నిన్న సాయంత్రమే అంతా చెప్పాను. ఒక్క ప్రశ్న అడిగింది. "అవ్వకి తెలుసా నువ్వేనని?" తెలియదన్నాను. మొహం తిప్పుకుంది.

మొదటి ఇల్లు. ఆరువందల మందికి వార్తలు చెప్పేదాన్ని, ఒక్క గోవిందా రావడానికి నాలుగుసార్లు దగ్గాను. తలుపు తీసినావిడ కంగారుపడి "మేడం, మీరా? ఏదైనా చందానా? ఫోన్లో పంపేదా?" అంది. బియ్యం అన్నాను. ఇచ్చింది. ఏమీ అడగలేదు.

రెండో ఇంట్లో అడగలేదు. మూడో ఇంట్లో కాళ్ళకు దండం పెట్టి బియ్యం పోశారు, "ఎంత భక్తి మేడం" అన్నారు. రత్నసభాపతి ఇంట్లో ఆయనే బయటికి వచ్చి, "చూశావా, చదువుకున్నవాళ్ళు కూడా ఆచారం వదలరు" అని భార్యకు చూపించాడు. అడిగితే చెప్పాలి. అడగకపోతే? ఆరిళ్ళు అయిపోయాయి, ఎవరూ అడగలేదు. బతికిపోయానని మనసులో అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఏడోది మోనిక ఇల్లు. ఆ పిల్ల చేటతోనే తెచ్చింది. పోయబోతూ ఆగింది.

"ఆంటీ, ఇది మీవాళ్ళు చుట్టాల ఇళ్ళకే వెళ్ళి ఎత్తుతారన్నారు కదా. మా ఇంటికి వచ్చారే?"

చెంబు చేతిలో ఉంది.

"అది అబద్ధం, మోనికా. ఎవరింటికైనా వెళ్ళొచ్చు. ఆ రోజు మీ ఇంటికి వచ్చిన ఆమె మా మేనత్త. నన్ను పెంచిన మనిషి. నా కూతురి మీద మొక్కుకుని వచ్చింది. నేను చూసి కూడా తెలియదని రాశాను. ఆ బియ్యం నేలపాలైంది, అందుకే నేను ఎత్తుతున్నాను."

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "నేను ఆమెకు బియ్యం పోశాను ఆంటీ. ఆమె చేతులు చూశాను. ఆ వీడియో నేనెందుకు పెట్టానో, అందరూ ఆ ముసలామెను చెక్ చేయాలి అంటుంటే నాకూ అనుమానం వచ్చింది. మీరు ఒక్క మాట చెప్పుంటే తీసేసేదాన్ని." ఏడుస్తూనే బియ్యం పోసింది.

గేటు దగ్గర మాయాండి లేచి నిలబడ్డాడు. అతనికి తెలుగు రాదు, తమిళంలోనే అడిగాను, ఆ రోజు చెంబు వంచేముందు ఆమె ఏమన్నా అందా అని. "పోయొద్దు నాయనా, బిడ్డ మొక్కు, కావాలంటే నా చీర కొంగు, సంచి చూసుకో అంది. నేను వినలేదు. నీంగదానేమ్మా ఆపి చూడమని రాసింది, మీరే కదా," అన్నాడు. తల వంచుకున్నాడు. వంచుకోవలసింది అతను కాదు.

తళిగ వండాం. చక్కెర పొంగలి, పులిహోర, వడలు. పెరుమాళ్ ముందు ఆకు వేసి, కర్పూరం వెలిగించి, అత్తగారు గోవిందా అంటే మేమూ అన్నాం. జీవ గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది.

మధ్యాహ్నం మూడింటికి గ్రూపులో పెట్టాను. ఈసారి చెరపలేదు. "సెప్టెంబర్ 27న మన నగర్‌లో బియ్యం ఎత్తినామె దొంగ కాదు. ఆమె నా మేనత్త. నేను ఆమెను గుర్తుపట్టి కూడా నలుగురిలో నామోషీ అని తెలియదన్నాను. తెలియని ఇళ్ళలో ఎత్తరు అని మా ఆచారం గురించి అబద్ధం రాశాను. తప్పు పూర్తిగా నాది. ఇక మీదట ఈ గ్రూపు వార్తలు వేరే ఎవరైనా చూసుకోవాలి."

ఐదు నిమిషాల తర్వాత మొదలైంది. దండాలు, పూలు, గుండెలు. "ఎంత గొప్ప మనసు మేడం." "ఇలా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి." "మీరే కొనసాగాలి." రత్నసభాపతి పెద్ద వ్యాసమే రాశాడు నా నిజాయితీ మీద. రెండు వందల పైన వచ్చాయి. నాకు ఒళ్ళు మండింది. మేనత్త గురించి ఒక్కళ్ళు, ఒక్కళ్ళు అడగలేదు, ఆమె ఎలా ఉందని.

ఐదింటికి చిన్నమనూరుకు ఫోన్ చేశాను. ముందు తళిగ అయిందని చెప్పాను. "ఏడిళ్ళూ ఎత్తితివా? నేల పడలేదు గదా?" అని రెండుసార్లు అడిగింది. ఏడిళ్ళూ ఎత్తానన్నాను. పెద్దగా ఊపిరి వదిలింది. ఆ తర్వాత మిగతాది చెప్పాను. బాల్కనీ దగ్గర నుంచి. చిన్నమనూరులో చెప్పిన అబద్ధం కూడా.

వెనక ఎవరో మేకను అదిలిస్తున్న చప్పుడు.

"నువ్వు నన్ను చూస్తివా ఆ పొద్దు?" అంది చివరికి.

"చూశానత్తా."

"నేను కూడా నిన్ను చూస్తిని కన్నూ. మొక్కు ఉంది గదా, తల ఎత్తరాదని ఎత్తలేదు. ఓరకంట చూస్తే దుప్పటి కింద నీ కాళ్ళు కనపడె. నిలబడి నన్నే చూస్తా ఉందే బిడ్డ, అనుకుంటి. సంతోషపడితి."

ఇంట్లో లేవేమో అని పోయిన ఆదివారం అన్నది ఇది తెలిసే అన్నది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె ఊరుకోమనలేదు ఈసారి. ఏడవనిచ్చింది. తర్వాత, గ్రూపులో ఏమి రాశావో చదివి వినిపించమంది. తమిళంలో రాసింది తెలుగులో చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా విన్నది.

"నా పేరు రాస్తివా?"

మళ్ళీ చూసుకున్నాను. "లేదత్తా. నా మేనత్త అని రాశాను."

"సరే పో. ముసిలిదాని పేరు ఎవరికి కావాల," అంది. కోపంగా అనలేదు. రేపు కార్తి వస్తే అన్నం వండుతానని చెప్పి పెట్టేసింది.

ఈ నోటుపుస్తకం మొదటి నుంచీ తిప్పి చూశాను. ఎవరూ చదవలేని ఈ పుస్తకంలో వాచ్‌మన్ పేరు రాశాను. కొలువు పోటీలో రెండో బహుమతి ఎవరికొచ్చిందో రాశాను. మా మేనత్త పేరు ఎక్కడా లేదు. ముసలామె, ఆమె, మేనత్త.

గ్రూపులో ఇంకొక్కటి పెట్టి బయటికి వచ్చేశాను. ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఆమె పేరు గోవిందమ్మాళ్.